లెక్కలకెంత, భాషకెంత

కళ్ళజోడక్కకు కళ్ళజోడు లేదు. ఆమె చూపు నిక్షేపంలా ఉంది. పధ్నాలుగేళ్ళుగా కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో కూర్చుని జనం కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తోంది కాబట్టి వీధి వీధంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. డెబ్భై దాటిన పెద్దాయన కూడా వచ్చి, "అక్కా, ముక్కు మీద గుచ్చుకుంటోంది, కాస్త వంచి పెట్టు" అంటాడు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ వెనకగది నిలువునా నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. ఒక బల్ల, అద్దం అంచు అరగదీసే యంత్రం, దాని మీద చుక్కచుక్కగా నీళ్ళు పడే గొట్టం, ఆవగింజంత స్క్రూలు దాచుకునే పదహారు అరల పెట్టె. కిటికీ లేదు. తలుపు తీస్తే ముందు దుకాణం, దానికి పక్కగా కళ్ళు పరీక్షించే చీకటి గది. ఆ గదిలో ఒకాయన కూర్చుని వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతాడు. అడిగి చీటీ మీద అంకెలు రాస్తాడు. ఆ అంకెల ప్రకారం అక్క అద్దాలు బిగిస్తుంది. అంకె ఎవరు తప్పు రాసినా తిట్లు మాత్రం బిగించినవాళ్ళకే.

నిరుడు కుట్టుపని చేసుకునే ఒకావిడ ఒకే కళ్ళజోడు పట్టుకుని మూడుసార్లు వచ్చింది. పెట్టుకుంటే తలనొప్పి, సూదిలో దారం ఎక్కడం లేదు. ఆవిడ తల ఒక పక్కకు వాల్చి చూసే తీరు గమనించిన అక్కకు సంగతి అర్థమైంది. కుడి కంటి అద్దం ఏ కోణంలో కూర్చోవాలో రాసిన అంకె తప్పు. వెళ్ళి చీకటి గదిలో ఆయనకు నెమ్మదిగా చెప్పింది. "నీ పని బిగించడం. కొలవడం కాదు" అన్నాడాయన తల ఎత్తకుండా. కుట్టుపని ఆవిడ మరో చోటికి వెళ్ళి అద్దాలు మార్పించుకునే సరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆవిడ చేతిలో పని లేదు. అక్కకు చీకటి గది ఆయన అన్న మాట గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

అందుకని ఆమె చీకటి గదిలో కూర్చోవాలనుకుంది. అందుకు దారి ఒకటే. పెద్ద కంటి ఆసుపత్రి వాళ్ళు కళ్ళు పరీక్షించడంలో రెండేళ్ళ చదువు చెబుతారు. నలభై సీట్లు. చేరాలంటే ప్రవేశపరీక్ష రాయాలి. పరీక్షనాటికి ముప్ఫై అయిదేళ్ళు నిండినవాళ్ళను తీసుకోరు. ఆ రోజుకు అక్కకు ముప్ఫై నాలుగేళ్ళ పదకొండు నెలలు నిండుతాయి. అంటే ఈసారి తప్పితే మరి లేదు. ఇన్నేళ్ళూ ఏం చేశావమ్మా అని అడిగేవాళ్ళు అడగవచ్చు. అడిగేవాళ్ళు వచ్చి ఒక్కరోజు ఆ ఇంటి వంటా, ఆ దుకాణం పనీ రెండూ చేసి చూపిస్తే అక్క సంతోషంగా జవాబు చెబుతుంది.

పరీక్షలో కంటి గురించి ఒక్క ముక్క ఉండదు. లెక్కలు అరవై ప్రశ్నలు, భాష అరవై ప్రశ్నలు. లెక్కలంటే శాతాలు, నిష్పత్తులు, గొట్టాలు, తొట్లు. భాషంటే ఒక పేజీ చదివి అడిగినవాటికి జవాబులు చెప్పడం, మాటలకు అర్థాలు, వాక్యాలను వరసలో పెట్టడం. రెండూ ఒకే పుస్తకంలో ఇస్తారు, రెండు గంటల సమయం. ఏది ముందు రాయాలో, దేనికి ఎంతసేపు కేటాయించాలో వాళ్ళు చెప్పరు. ఒక్కోదాంట్లో కనీసం ఇరవై నాలుగు రావాలి, ఆ పైన రెండూ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకు సీటు. నిరుడు ఆఖరి సీటు డెబ్భై ఒక్క మార్కులకు పోయింది.

నాలుగు నెలల ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క పాత ప్రశ్నపత్రం ఒకటి ముందేసుకుని గడియారం పెట్టుకుని రాసింది. భాషలో నలభై రెండు. లెక్కల్లో పద్ధెనిమిది. మొత్తం అరవై.

చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఇంట్లో ముగ్గురు చెప్పేవాళ్ళు తయారయ్యారు.

మొదటిది చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది. మార్కులు చూసి చేత్తో నుదురు కొట్టుకుంది. "భాషదేముందక్కా, మాట్లాడేవాళ్ళందరికీ వస్తుంది. లెక్కలు చేస్తేనే వస్తాయి. ఉన్న టైమంతా లెక్కలకి పెట్టు" అంది.

రెండో మనిషి మామయ్య, అంటే అక్క భర్త తండ్రి. ముప్ఫై ఆరేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అత్తయ్య పోయాక ఆయన మాట్లాడడం తగ్గించాడు. అక్క పరీక్ష రాస్తానన్న రోజు నుంచి మాత్రం పొద్దున్నే అయిదింటికి లేచి, టీ తాగుతూ కోడలితో ఒక పేజీ చదివించి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. "వచ్చిన దాన్ని వదిలేస్తే అది మనల్ని వదిలేస్తుందమ్మా. భాష నాకు వచ్చులే అనుకున్నవాడి ప్రూఫులోనే నేను ఎక్కువ తప్పులు పట్టేవాణ్ణి" అన్నాడాయన.

మూడోది భర్త. లిఫ్టులు బాగుచేస్తాడు, లోకంలో ప్రతిదీ ఆయనకు లిఫ్టులాగే కనిపిస్తుంది.

"చెరి సగం పెడితే కుదరదు. లిఫ్టుకి అవతల ఎదురు బరువు వేలాడుతుంది చూడు, అది లిఫ్టు గదితో సమానంగా ఉండదు. గది బరువుకి, ఎక్కే జనం బరువులో సగం కలిపి పెడతాం" అన్నాడు.

"సరే. ఇందులో గది ఏది? ఎదురు బరువు ఏది?"

"లెక్కలు గది అనుకో."

"మరి జనం?"

"అదే తేలడం లేదు" అని వెళ్ళి స్నానం చేశాడు.

ముగ్గురి మాటలూ విని అక్క బుర్ర వేడెక్కిపోయింది. అప్పుడు ఆమెకు తన పనిలోంచే ఒక ఉపాయం తట్టింది. ఆ ఉపాయం కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేవాళ్ళకు తప్ప మరొకరికి తట్టదు.

ఆ దుకాణానికి వారానికి రెండుసార్లు పిల్లల కళ్ళు చూసే డాక్టరమ్మ వస్తుంది. కొందరు పిల్లలకు రెండు కళ్ళలో ఒకటి బద్ధకిస్తుంది. మంచి కన్నే పనంతా చేసేస్తుంటే ఆ రెండోది ఊరికే కూర్చుంటుంది. దానికి వైద్యం, మంచి కంటిని మూసేయడం. కళ్ళజోడులో మంచి కన్ను ఉన్న వైపు అద్దానికి లోపల తెల్లపట్టీ అతికిస్తారు. ఇక గత్యంతరం లేక బద్ధకపు కన్ను చచ్చినట్టు పనిచేస్తుంది. ఆ పట్టీలు కత్తిరించి అతికించేది అక్కే. ఇన్నేళ్ళలో కొన్ని వందలు అతికించి ఉంటుంది.

నలభై రెండు మంచి కన్ను. పద్ధెనిమిది బద్ధకపు కన్ను. ఇంతకన్నా తేటగా ఏముంది? దుకాణంలోంచి పట్టీ చుట్ట ఒకటి తెచ్చి, భాష పుస్తకాన్ని మూసి, నాలుగు వైపులా అతికించేసింది. ఆరు వారాలు దాన్ని తెరవకూడదని ఒట్టు పెట్టుకుంది. అయిదింటికి మామయ్య టీ గ్లాసుతో వచ్చి కూర్చునే సరికి కోడలు లెక్కల నోటు తెరుచుకుని కూర్చుంది.

"ఇవాళ పేజీ లేదామ్మా?"

"ఆరు వారాలు లెక్కలే మామయ్యా. భాష ఎలాగూ ఉందిగా."

"ఉందిలే" అన్నాడాయన. టీ తాగి కాసేపు కూర్చుని లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు కూడా వచ్చాడు. ఆ మర్నాటి నుంచి రాలేదు. అక్క శాతాల్లో మునిగి ఉండి అది పట్టించుకోలేదు. ఆ మాట ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే తర్వాత ఆమె దానికి బాగా బాధపడింది.

ఆరు వారాలు పొద్దున లెక్కలు, మధ్యాహ్నం దుకాణంలో అన్నం డబ్బా పక్కన లెక్కలు, సాయంత్రం చెల్లెలి ఇంట్లో లెక్కలు. చెల్లెలి ముఖం వెలిగిపోయింది. ఆరు వారాలు కాగానే అక్క రెండో పాత ప్రశ్నపత్రం రాసింది. లెక్కల్లో ముప్ఫై మూడు! చెల్లెలు ఎగిరి గంతేసింది. తర్వాత భాష దిద్దారు. ఇరవై ఆరు. కూడితే యాభై తొమ్మిది.

"మళ్ళీ కూడు" అంది అక్క. మళ్ళీ కూడినా యాభై తొమ్మిదే. ఆరు వారాలు కష్టపడి ఒక మార్కు పోగొట్టుకున్నట్టు తేలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే ఇది. ఏం జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. పద్ధతి సరైనదే. ఎంతమంది పిల్లలకు పనిచేసిందో ఆమె కళ్ళారా చూసింది.

జవాబు ఆ శుక్రవారమే దుకాణంలో దొరికింది. ఒకామె ఏడేళ్ళ కూతుర్ని డాక్టరమ్మ దగ్గరికి తెచ్చింది. అక్క పాత పట్టీ తీయడానికి పక్కనే నిలబడి ఉంది. డాక్టరమ్మ పిల్ల రెండు కళ్ళూ చూసి, కాగితం చూసి, మళ్ళీ కళ్ళు చూసింది.

"రెండు వారాలకోసారి తీసుకురమ్మన్నానా లేదా?" అంది తల్లితో.

"పట్టీ ఉంచితే మంచిదే కదా అని ఉంచేశానండీ. రెండు నెలలైంది."

"మంచిదే కదా అని రెండు నెలలు మూసేస్తే మంచి కన్ను ఏమవుతుందమ్మా? చూడు, అది కూడా తగ్గింది."

ఆ తల్లి ముఖం పాలిపోయింది. అక్క ముఖం అంతకన్నా ఎక్కువ పాలిపోయింది.

"మళ్ళీ వస్తుందా మేడమ్?" అని అడిగింది తల్లి కాదు, అక్క.

"వస్తుంది. చిన్నపిల్ల కదా, పట్టీ తీసేస్తే మెల్లగా వస్తుంది. నీకెందుకంత కంగారు?"

పధ్నాలుగేళ్ళుగా పట్టీలు అతికిస్తోంది గాని, రెండు వారాలకోసారి వాళ్ళను ఎందుకు రమ్మంటారో ఆమె ఏనాడూ అడగలేదు. అతికించడం వరకే ఆమె పని. సాయంత్రం ఇంటికి వెళ్తూనే భాష పుస్తకం తీసి పట్టీలన్నీ పీకేసింది. అట్ట మీది రంగు కూడా పట్టీతో పాటు ఊడి వచ్చింది.

"మామయ్యా, రేపట్నుంచి మళ్ళీ చదువుదామా?"

మామయ్య మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. "చూద్దాంలేమ్మా. ఈ మధ్య పొద్దున్నే లేవాలనిపించడం లేదు" అన్నాడు.

అప్పుడు ఆయన వైపు సరిగ్గా చూసింది. గడ్డం వారం రోజులుగా గీసుకున్నట్టు లేదు. బల్ల మీద ఆయన కళ్ళజోడు దుమ్ము పట్టి ఉంది. ఊళ్ళో వాళ్ళ కళ్ళజోళ్ళు తుడిచే మనిషి ఇంట్లో ఉండగా ఇదేమిటని ఆమెకు గుండె కలుక్కుమంది. దాన్ని కొంగుతో తుడిచి, వదులైన కమ్మీ బిగించి, ఆయన పక్కన పెట్టింది. మర్నాడు అయిదింటికి టీ పెట్టి ఎదురుచూసింది. అయిదుంపావుకు ఆయన వచ్చాడు.

ఇక అసలు గందరగోళం మొదలైంది. భాషకు మళ్ళీ చోటివ్వాలి సరే, ఎంత ఇవ్వాలి? ఒకరోజు లెక్కలు, ఒకరోజు భాష అని రాసి గోడకు అతికించింది. ఆ లెక్కన భాష రోజు మధ్యాహ్నానికి ముందురోజు లెక్కలు మరుపున పడ్డాయి. పూటకొకటి అని మార్చింది. అప్పుడు పొద్దుటి పూట నాకంటే నాకని చెల్లెలూ మామయ్యా పోట్లాటకు దిగారు. "బుర్ర తాజాగా ఉన్నప్పుడు లెక్కలు చేయాలి" అని ఆమె, "ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చదవాలి" అని ఆయన. ఇద్దరిదీ నిజమే అనిపించడం అక్క ఖర్మ. చివరికి అరగంటకొకటి అని మార్చింది. గోడ మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి నాలుగు పడ్డాయి. భర్త పనిలోకి వెళ్తూ వాటి ముందు ఆగి, "జనం ఎవరో నాకు ఇంకా తెలీలేదు" అని ఒప్పుకుని వెళ్ళేవాడు.

అరగంటల పద్ధతిలో ఆమె తలలో రెండూ కలిసిపోయాయి. ముప్ఫై ఏళ్ళు కాలినడకన ఉత్తరాలు పంచిన ఒక తపాలా మనిషి గురించిన పేజీ చదివి, ఆయనలో రచయిత మెచ్చుకున్న గుణం ఏమిటో చెప్పమంటే, అక్క పక్కన ఖాళీలో రోజుకు నడిచిన దూరాన్ని సంవత్సరాలతో గుణించి పెట్టింది. గుణకారం సరిగ్గానే వచ్చింది. లెక్కల దగ్గర ఇంకో రకం. రెండు గొట్టాలు తొట్టిని నింపుతుంటే మూడో గొట్టం ఖాళీ చేస్తోందన్న లెక్క దగ్గర పావుగంట ఆగిపోయింది.

"ఏంటక్కా, ఎక్కడ ఆగావ్?" అంది చెల్లెలు.

"ఆ మూడో గొట్టం మూసేసేవాళ్ళు ఎవరూ లేరా ఆ ఇంట్లో?"

"అక్కా!"

"కాదే, నీళ్ళన్నీ పోతున్నాయి కదా."

దుకాణంలో కూడా ఒకరోజు ఎడమ అద్దం కుడి వైపు, కుడి అద్దం ఎడమ వైపు బిగించింది. పధ్నాలుగేళ్ళలో ఎన్నడూ లేదు. పెట్టెలో పెట్టేముందు తనే చూసుకుని విప్పి, సరిచేసి బిగించింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఉన్న పడవ కూడా ముంచుకుంటున్నానేమో అని భయం పట్టుకుంది.

అయిదు వారాలుందనగా మూడో ప్రశ్నపత్రం రాసింది. లెక్కల్లో ఇరవై తొమ్మిది. భాషలో ముప్ఫై. మొత్తం యాభై తొమ్మిది. ఈసారి కూడడానికి ఎవరూ రెండోసారి ప్రయత్నించలేదు. అక్క వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చింది. ఒక్కటే చదివినా యాభై తొమ్మిదే, చెరి సగం చదివినా యాభై తొమ్మిదే. ఒకవైపు పోస్తే రెండోవైపు కారిపోతోంది. తన బుర్రలో పట్టేదే అంతేమో, ఆ చీకటి గది తనది కాదేమో అనిపించింది. బిగించడం నీ పని అన్నాయన నిజమే చెప్పాడేమో అనిపించడం అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది.

మామయ్య గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు.

"ఆ లెక్కల కాగితాలు ఇలా ఇవ్వు" అన్నాడు.

"మీకు లెక్కలు రావు కదా మామయ్యా."

"రావు. లెక్క చూడను. ప్రశ్న ఏమడిగిందో, నువ్వేం చెప్పావో చూస్తాను. ప్రూఫు చూడ్డానికి పుస్తకంలో విషయం తెలియక్కర్లేదు."

ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. ఆ మూడో పరీక్ష లెక్కల్లో అక్క తప్పు రాసినవి ఇరవై ఒకటి, అసలు ముట్టనివి పది. ఆయన ఒక్కో ప్రశ్న మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివి, కొన్నిటి పక్కన సున్నా చుట్టుకుంటూ పోయాడు. గంటన్నర పట్టింది. చెల్లెలు వచ్చే సరికి ఎనిమిది సున్నాలు ఉన్నాయి.

"ఇదిగో, మిగిలినదెంత అని అడిగితే ఖర్చయినదెంతో చెప్పింది. ఇక్కడ చిన్నవాడి వయసు అడిగితే పెద్దవాడిది చెప్పింది. ఇక్కడ రెండో రోజు అంటే మొదటి రోజు" అన్నాడాయన.

చెల్లెలు కాగితాలు లాక్కుని లెక్క చేసి చూసింది. ఎనిమిదింట్లో లెక్క తప్పు కాదు. అక్క సరిగ్గానే చేసింది, అడగని దానికి జవాబు చెప్పింది. తర్వాత పౌరుషానికో ఏమో, చెల్లెలు భాష కాగితాలు తను పట్టుకుంది. అక్క దేని దగ్గర ఎంతసేపు కూర్చుందో అడిగి పక్కన నిమిషాలు రాసింది. ఒక్క తపాలా మనిషి దగ్గరే పద్నాలుగు నిమిషాలు పోయాయి. చివరి రెండు పేజీలు చదవకుండానే జవాబులు చుట్టేసింది.

"ఇది భాష రాకపోవడం కాదు మామయ్యగారూ, టైముకి లెక్క లేకపోవడం" అంది చెల్లెలు.

అప్పటి నుంచి వింతగా పొద్దున మామయ్య లెక్కల ప్రశ్నలు చదివించేవాడు, సాయంత్రం చెల్లెలు గడియారం పట్టుకుని భాష చేయించేది. మొదటివారం ఆయన ఒక్కో లెక్కనూ బయటికి రెండుసార్లు చదివిస్తే గాని పెన్సిలు ముట్టనిచ్చేవాడు కాదు. మీరు అక్కకు ఇక వెలుగు కనిపించిందని అనుకుంటున్నారేమో, అదేం లేదు. ఆమె ఇంకా అయోమయంలో పడింది. పొద్దున జరిగేది లెక్కల గంటా, భాష గంటా? గోడ మీద ఏమని రాయాలి? ఎవరినడిగినా చెప్పలేకపోయారు. చివరికి గోడ మీది కాగితాలన్నీ తీసేసింది. వారం ముందు రాసిన నాలుగో పత్రంలో ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదు వచ్చాయి. ఎలా వచ్చాయో ఆమెకు తెలియదు, తెలియదు కాబట్టి సంతోషించే ధైర్యమూ లేదు.

పరీక్ష హాలు ఒక పెద్ద బడిలో. ఆమె బల్ల మీద ఎవరో పిల్లలు పేర్లు చెక్కి పెట్టారు. చుట్టూ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆమెను అక్కా అని కాదు, పిన్నీ అని పిలిచే వయసువాళ్ళు. గంట భాష, గంట లెక్కలు అని చెల్లెలు చేతి మీద రాసినంత గట్టిగా చెప్పి పంపింది. పదో నిమిషానికే అది గాలికి పోయింది. ఒక పేజీ ఎటూ కొరుకుడు పడక లెక్కల్లోకి దూకింది, అక్కడ ఒక త్రిభుజం కదలక మళ్ళీ భాషలోకి వచ్చింది. రెండు గంటలూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. గంట కొట్టే సరికి లెక్కల్లో ఎన్ని వదిలేసిందో, భాషలో ఎన్ని వదిలేసిందో లెక్క తెలియలేదు.

బయట ముగ్గురూ నిలబడి ఉన్నారు. "ఏది బాగా రాశావ్?" అన్నారు ఒకేసారి.

"తెలీదు" అంది అక్క. ఆ రోజంతా ఆమె చెప్పిన నిఖార్సయిన నిజం అదొక్కటే.

ఫలితాలు నెలకు వచ్చాయి. కంటి ఆసుపత్రి గోడకు గాజు పలక వెనక జాబితా పెట్టారు. భార్య చేయి పట్టుకుని భర్త ముందుకు తోసుకుంటూ వెళ్ళి వేలితో వరస వెతికాడు. లెక్కలు ముప్ఫై ఆరు. భాష ముప్ఫై ఆరు.

"సరిగ్గా సమానం! ఒక్క మార్కు అటూ ఇటూ లేదు. చూశావా!" అని అరిచాడు. నిజంగానే ఆయనకు అది గొప్పగా అనిపించింది. తర్వాత పక్క గడి చూశాడు. మొత్తం డెబ్భై రెండు. ఆ ఏడు ఆఖరి సీటు డెబ్భై మూడుకు పోయింది. అక్క పేరు గీతకు కింద, ఎదురుచూసేవాళ్ళ జాబితాలో మొదట ఉంది.

ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది. నాలుగు నెలలుగా అందరూ కోరిన సమతూకం ఆమెకు అణువంత తేడా లేకుండా దక్కింది, సీటు మాత్రం దక్కలేదు. చెల్లెలు "ఇంకో త్రిభుజం నేర్పించి ఉంటే" అని ఏడ్చింది. మామయ్య "ఆ ఆరు వారాలు నేను అలిగి పడుకోకుండా పక్కన కూర్చుని ఉంటే" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు. అక్క మాత్రం ఏడవలేదు. నిరుడు డెబ్భై ఒకటికి వచ్చిన సీటు ఈ ఏడు డెబ్భై రెండుకు ఎందుకు రాలేదో, ఒక్క మార్కు ఏ పేజీలో పడిపోయిందో వెతుక్కుంటూ నడిచింది. ఇంటికొచ్చి బియ్యం కడిగింది. మర్నాడు మామూలుగా దుకాణానికి వెళ్ళింది.

పదకొండు రోజులు గడిచాయి. ఆ రోజు ఆమె యంత్రంలో అద్దం పెట్టి నీళ్ళ గొట్టం తిప్పుతుండగా ఫోను మోగింది.

"కంటి ఆసుపత్రి నుంచండీ. వెయిటింగు లిస్టులో మొదటి పేరు మీదే కదా? ఒకరు చేరడం లేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి సర్టిఫికెట్లతో రాగలరా?"

"వస్తానండీ" అంది అక్క. వెనక యంత్రం ఆపాలన్న ధ్యాస కూడా లేకపోవడంతో అద్దం ఫ్రేముకు సరిపోనంత చిన్నదైపోయింది.

"ఇంకొక్క విషయం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నెల అదనంగా ఒక క్లాసు ఉంటుంది. దేంట్లో మార్కులు తక్కువుంటే అందులో వేస్తాం. మీకేమో రెండూ ముప్ఫై ఆరే ఉన్నాయి, కంప్యూటరు తీసుకోవడం లేదు. ఏది రాయమంటారు? లెక్కలా, భాషా?"

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వినబడుతోందా అండీ? ఏదో ఒకటి చెప్పాలి మీరు."

"మీకు ఏది తోస్తే అది రాసేసుకోండి మేడమ్. ఏది రాసినా చదువుతాను" అంది. "తొమ్మిదింటికి కాదు, ఎనిమిదింటికే వచ్చి గేటు దగ్గరుంటాను."